సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజిన్ వేడెక్కిపోతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఎండలు మొదలైనప్పటి నుంచీ ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. ఖాళీ రోడ్డు దొరికి స్పీడు అందుకోగానే మళ్లీ దిగిపోతుంది. ఆగి ఉన్నప్పుడు ఏసీ గాలి కూడా చల్లగా రావడం లేదు. వారం పది రోజులకోసారి కూలెంట్ డబ్బాలో నీళ్లు తగ్గుతున్నాయి, మామూలు నీళ్లు పోస్తున్నాను. కారు కింద ఎక్కడా తడి కనిపించదు. మొన్న బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. మా ఆయన రేడియేటర్ మూత తీయబోతుంటే పక్కనున్నవాళ్లు ఆపారు. మెకానిక్ 'థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుంది' అంటున్నాడు. మా తమ్ముడేమో 'ఎండల్లో కూలెంట్ దండగ, ఉత్త నీళ్లే బాగా చల్లబరుస్తాయి' అంటాడు. వచ్చే నెల మా అత్తగారిని తీసుకుని దూరప్రయాణం ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ కారులో వెళ్లొచ్చా? లేక అమ్మేయడమే మంచిదా?

జవాబు: మీ వారిని ఆ రోజు ఆపినవాళ్లు ఎవరో గానీ, ఆయన మొహం, చేతులు కాలిపోకుండా కాపాడారు. ఈ ఒక్క విషయం చెప్పాకే మిగతావి మాట్లాడతాను. వేడెక్కిన ఇంజిన్‌లో కూలెంట్ ఒత్తిడి మీద ఉంటుంది. అందుకే వంద డిగ్రీలు దాటినా మరగకుండా నిలబడుతుంది. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, అప్పటిదాకా అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా పైకి చిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టినా ఆగదు. ఇంజిన్ ఆపాక కనీసం అరగంట, ఎండ మండిపోతుంటే గంట దాకా ఆగాల్సిందే. ఆ తర్వాత కూడా రేడియేటర్‌కి వెళ్లే పై రబ్బరు పైపును ముందు వేలితో తాకి, వేడి లేకపోతేనే నొక్కి చూడండి. మెత్తగా ఉండాలి. గట్టిగా బిగిసి ఉందంటే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టే. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇక మీ కారు గురించి. ఎండల వల్లే ఇంజిన్ వేడెక్కుతోందని చాలామంది సరిపెట్టుకుంటారు. అది సరికాదు. అన్నీ సక్రమంగా ఉన్న కారు 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడినా ముల్లు మధ్యలోంచి కదలకూడదు. ఎండ కొత్త జబ్బు తీసుకురాదు, ఉన్న జబ్బును బయటపెడుతుంది. ఎలాగో కొంచెం లెక్క చూద్దాం. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలిన వేడిలో చాలా భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదలాలి. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. బయట 25 డిగ్రీలుంటే రెండింటి మధ్య తేడా 70. బయట 45 అయితే తేడా 50కి పడిపోతుంది. వేడి ఎంత త్వరగా వదులుతుందనేది ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, అదే రేడియేటర్ ఎండాకాలంలో దాదాపు 30 శాతం తక్కువ వేడిని వదులుతుంది. ఏసీ వేస్తే మరో భారం. కారు లోపలి నుంచి ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కి ముందే ఉంటుంది. దాని వేడి అంతా కలిసిన గాలే రేడియేటర్‌కి అందుతుంది.

చలికాలంలో ఈ 30 శాతం వెసులుబాటు ఉంటుంది. ఫ్యాన్ నీరసంగా తిరిగినా, రేడియేటర్ కొంత పూడుకుపోయినా, కూలెంట్ కాస్త తగ్గినా ఆ వెసులుబాటు చాటున బయటికి కనిపించవు. మీ కారులో అలాంటివి రెండు ఉన్నాయని మీ ఉత్తరమే చెబుతోంది. ఒకటి గాలికి సంబంధించింది. రెండోది లీక్. వీటిని కలిపి ఒకే సమస్య అనుకుంటే మెకానిక్ ఒకటి బాగుచేసి పంపుతాడు, రెండోది దారి మధ్యలో బయటపడుతుంది.

ముందు గాలి సంగతి. ఆగితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతోందంటే రేడియేటర్ గుండా కూలెంట్ చాలావరకు బాగానే తిరుగుతోందని అర్థం. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఆ పని చేసిపెడుతోంది. ఆగినప్పుడు గాలిని లాగాల్సింది ఫ్యాన్. అది తన పని చేయడం లేదు. దీనికి ఇంకో సాక్ష్యం మీరే రాశారు. ఆగి ఉన్నప్పుడు ఏసీ కూడా చల్లగా రావడం లేదన్నారు. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ గాలి లాగేది సాధారణంగా అదే ఫ్యాన్, లేదా పక్కపక్కనే ఉన్న రెండు ఫ్యాన్లు. రెండూ ఒకేసారి మొరాయిస్తున్నాయంటే నా అనుమానం నూటికి తొంభై పాళ్లు ఫ్యాన్ మీదకే పోతుంది. దీనికి విరుద్ధంగా ట్రాఫిక్‌లో బాగానే ఉండి హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే అప్పుడు పూడుకుపోయిన రేడియేటర్‌నో, వాటర్ పంప్‌నో, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్‌నో అనుమానించాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు 'వేడెక్కుతోంది' అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఎప్పుడు వేడెక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది, ఏసీ అప్పుడు ఎలా ఉంది, ఇవన్నీ చెప్పండి. సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఫ్యాన్‌ని ఇంటి దగ్గర మీరే చూడొచ్చు. కారును ఆరుబయట నిలపండి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ నడపకూడదు, పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది. బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ పూర్తిగా చల్లదనానికి పెట్టండి. చాలా కార్లలో కొద్ది సెకన్లలోనే ఫ్యాన్ తిరగడం మొదలవ్వాలి. ఒక మామూలు కాగితాన్ని కారు ముందువైపు గ్రిల్‌కి ఆనిస్తే గాలి లాగుడికి అది అక్కడే అతుక్కుని నిలబడాలి. జారి పడిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనిపించినా దానిలో సత్తువ లేదు. దగ్గరికి వంగేటప్పుడు చున్నీ, కొంగు, జడ, చేతి గొలుసు జాగ్రత్త. ఇంజిన్ ఆపేశాక కూడా ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలుపెట్టొచ్చు. అందుకే ఇంజిన్ ఆగి ఉంది కదా అని అక్కడ వేళ్లు పెట్టకండి.

ఫ్యాన్ పాడవడం అంటే మోటారు కాలిపోవడమే కానక్కర్లేదు. ఫ్యూజ్ పోయి ఉండొచ్చు, ఫ్యాన్‌కి కరెంటు అందించే స్విచ్ లాంటి రిలే పోయి ఉండొచ్చు, కనెక్టర్ వేడికి కరిగి ఉండొచ్చు. మీరు చెప్పిన లక్షణాలకు బాగా సరిపోయేది మాత్రం ఇంకొకటి. చాలా కార్లలో ఫ్యాన్‌కి రెండు స్పీడులుంటాయి. తక్కువ స్పీడు ఒక రెసిస్టర్ గుండా నడుస్తుంది. ఆ చిన్న వస్తువు కాలిపోతే తక్కువ స్పీడు పూర్తిగా పోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఎక్కువ స్పీడు మాత్రం అందుకుంటుంది. మెకానిక్ చూసేసరికి ఫ్యాన్ హోరున తిరుగుతూ ఉంటుంది, 'ఫ్యాన్ బాగానే ఉందండీ' అంటాడు. అందుకే 'రెండు స్పీడులూ వేరువేరుగా తిరుగుతున్నాయా?' అని నోరు తెరిచి అడగండి. ఇంకో మాట. కొందరు సెన్సర్, రిలే జోలికి పోకుండా ఫ్యాన్‌ని డైరెక్ట్ చేసేస్తారు, అంటే కీ తిప్పితే చాలు తిరిగేలా వైరు కలిపేస్తారు. దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి అది పనికొస్తుంది. శాశ్వతంగా అలా వదిలేస్తే మోటారు త్వరగా అరిగిపోతుంది, సరైన ఫ్యూజ్ లేకపోతే వైరు కాలే ప్రమాదమూ ఉంది.

ఫ్యాన్ బాగున్నా గాలి పోవడానికి దారి ఉండాలి కదా. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఎనిమిదేళ్లలో ఆ సందులో దుమ్ము, పురుగులు, ఎండుటాకులు, దూది లాంటి నూగు చేరి మందంగా అట్టకట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. వెనకున్న ఆ దుమ్ము పొర మాత్రం కనపడదు. కొన్ని కార్లలో దాన్ని శుభ్రం చేయాలంటే రేడియేటర్‌ని కాస్త వదులు చేసి జరపాల్సి వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడగాలి. ప్రెజర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఆ పల్చటి అల్యూమినియం రేకులు వంగిపోయి ఉన్న దారీ మూసుకుపోతుంది. గ్రిల్ ముందు అలంకారానికి పెట్టిన జాలీలు, అదనపు లైట్లు ఉంటే ఎండాకాలంలో తీసేయడమే మంచిది. ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ కవచం ఉంటుంది, అదీ విరగకుండా ఉండాలి. అది లేకపోతే ఫ్యాన్ తిరిగినా గాలి రేడియేటర్ మొత్తం మీద నుంచి రాదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయానికి వస్తాను. వారం పది రోజులకోసారి నీళ్లు తగ్గడం మామూలు విషయం కాదండీ. కూలెంట్ మూసి ఉన్న దారిలో తిరిగేది. పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. నెలల తరబడి డబ్బాలో మట్టం దాదాపు మారకుండా ఉండాలి. తగ్గుతోందంటే ఎక్కడో పోతోంది. నీళ్లు పోయడం మరమ్మతు కాదు, పైగా పోసిన ప్రతిసారీ మిగిలి ఉన్న కూలెంట్ పలచబడుతుంది. ఈపాటికి మీ కారులో చాలావరకు ఉత్త నీళ్లే ఉండి ఉంటాయి.

మరి కింద తడి ఎందుకు కనిపించడం లేదు? చిన్న లీకులు చాలావరకు ఇంజిన్ వేడిగా, ఒత్తిడి మీద ఉన్నప్పుడే కారతాయి. ఆ చుక్క వేడి లోహం మీద పడి నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. వెనక మిగిలేది ఎండిన తెల్లటి, ఆకుపచ్చ లేదా గులాబీ రంగు మరక. టార్చి లైటు పట్టుకుని పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్‌కి రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకు అతికిన అంచు వెంట, వాటర్ పంప్ కింద ఆ మరకల కోసం చూడండి. వాటర్ పంప్‌కి అడుగున ఒక సన్నటి రంధ్రం ఉంటుంది, లోపలి సీలు అరిగితే అక్కడి నుంచి కారడం మొదలవుతుంది. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందా, కారులో తియ్యటి వాసన వస్తోందా, అద్దం లోపలివైపు జిడ్డుగా మసక పడుతోందా అన్నదీ గమనించండి. ఉంటే హీటర్ కోర్, అంటే కారు లోపలి హీటర్‌కి వేడినిచ్చే భాగం, కారుతోందని అర్థం. కారు కింద పడే ఏసీ నీటిని చూసి మాత్రం కంగారు పడొద్దు. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు ఉండదు.

కంటికి దొరక్కపోతే ప్రెజర్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు లాంటి పరికరం బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కిస్తారు. ఎక్కువగా ఇది 1 బార్ దగ్గర ఉంటుంది. ఆ పరికరం మీది ముల్లు పది పదిహేను నిమిషాలు కదలకపోతే లీక్ లేనట్టే. పడిపోతుంటే ఎక్కడో కారుతోంది, వేడి లేదు కాబట్టి చుక్క ఆవిరవ్వకుండా కంటికి కనిపిస్తుంది. అదే పరికరంతో మూతనూ పరీక్షించొచ్చు. మూతను చాలామంది పట్టించుకోరు. దాని రబ్బరు గట్టిపడి, స్ప్రింగు నీరసిస్తే ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే కూలెంట్ తొందరగా మరిగి డబ్బాలోంచి బయటికి పోతుంది. ఎనిమిదేళ్ల మూత అయితే పరీక్షతో పని లేకుండా మార్చేయమంటాను. కాకపోతే కొత్తదాని మీద పాతదాని మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే ఇంకా మంచిదనుకుంటే పాత పైపులు పగులుతాయి. లీకులు పూడ్చే పౌడర్లు, ద్రవాలు రేడియేటర్‌లో పోయించుకోకండి. అవి లీక్‌తో పాటు సన్నటి దారులనూ, హీటర్ కోర్‌నూ మూసేస్తాయి.

బయట ఎక్కడా లీక్ దొరక్కపోతే లోపల దొరకొచ్చు. ఆవిరి వచ్చేంత వేడెక్కింది కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పరీక్ష తప్పకుండా చేయించాలి. ఇప్పటి ఇంజిన్ హెడ్‌లు దాదాపు అన్నీ అల్యూమినియంవే. మితిమీరి వేడెక్కితే అవి వంగుతాయి, కింద గ్యాస్కెట్ దెబ్బతింటుంది, సిలిండర్‌లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి దూరుతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై పైపు రాయిలా గట్టిపడటం, డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి తెట్టు, ఇవి దాని గుర్తులు. ఆ తెట్టు ఒక్కటే కనిపిస్తే మాత్రం భయపడనక్కర్లేదు, ఎప్పుడూ దగ్గర దూరాలే తిరిగే కార్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. అనుమానం తీరాలంటే చౌకైన పరీక్ష ఒకటుంది. నీలం రంగు ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి అక్కడి గాలిని దానిగుండా లాగుతారు. మండిన గ్యాసు కలిసి ఉంటే నీలం కాస్తా పసుపుగా మారుతుంది.

థర్మోస్టాట్ పీకించవద్దు. అది ఎండ దేశాలకు అక్కర్లేని వస్తువు అన్న మాట చాలాకాలంగా చెలామణిలో ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. దాని లోపల మైనం ఉంటుంది. 80 నుంచి 90 డిగ్రీల మధ్యలో ఎక్కడో ఆ మైనం కరిగి వ్యాకోచించి, కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లే తలుపు తెరుస్తుంది. అది పనిచేస్తున్నప్పుడు దారికి అడ్డేమీ కాదు. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆ కాసేపూ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఇంజిన్ అరుగుతుంది. ఇంకా ముఖ్యం, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే రెండోవైపు అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. చల్లబడాలని చేసిన పనికి ఇంకా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ చెడిపోయి ఉంటే కొత్తది వేయించండి. మీ కారులో అది చెడిన లక్షణం నాకు కనిపించలేదు.

మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. సమానంగా తీసుకుంటే ఉత్త నీరు కూలెంట్ మిశ్రమం కన్నా ఎక్కువ వేడిని మోయగలదు. కానీ ఒత్తిడి లేనిచోట నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది, 1 బార్ మూత ఉంటే 120 దగ్గర. సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం), సగం నీరు కలిపిన కూలెంట్ అదే మూతతో 130 డిగ్రీల దగ్గరదాకా నిలబడుతుంది. ఎండలో ట్రాఫిక్‌లో మనల్ని కాపాడేది ఆ పది డిగ్రీలే. నీరు మరిగి ఆవిరి బుడగ ఏర్పడిందంటే ఆ చోట లోహం నుంచి వేడి తీసుకెళ్లేది ఏమీ ఉండదు. ఇక తుప్పు సంగతి. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలుంటాయి, నీటిలో ఉండవు. కుళాయి, బోరు నీటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల లోపల పొరగా పేరుకుంటుంది. కాబట్టి లీక్ బాగుచేశాక మొత్తం ఖాళీ చేయించి, శుభ్రంగా కడిగించి, కారు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నింపించండి. కలిపి అమ్మే డబ్బా అయితే ఇక నీళ్లు కలపకూడదు. రంగు చూసి రకం తేల్చుకోవద్దు, ఏ రంగు ఏ రకానికి అన్న నియమం లేదు. వేర్వేరు రకాలు కలిపితే తుప్పును ఆపే గుణం దెబ్బతింటుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది కూడా. నింపాక లోపలి గాలి పూర్తిగా తీయించాలి. గాలి బుడగ ఇరుక్కుంటే అన్నీ కొత్తవి వేసినా ముల్లు పైకి పోతుంది. పాత కూలెంట్‌ని నేల మీద పారబోయనివ్వకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు, పిల్లులు నాకుతాయి. ఇంట్లో మిగిలిన డబ్బాను పిల్లలకు అందని చోట పెట్టండి.

దారిలో ముల్లు పైకి పోతే ఏం చేయాలో మీరూ, మీ వారూ ముందే అనుకుని ఉండండి. ముల్లు సగం దాటిన వెంటనే ఏసీ ఆపి, అద్దాలు దించి, రోడ్డు పక్కగా ఆపడానికి చోటు వెతకండి. చోటు దొరకని ట్రాఫిక్ అయితే హీటర్ పూర్తి వేడికి, బ్లోవర్ పూర్తి స్పీడుకి పెట్టండి. హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని అది కొంత లాగేస్తుంది. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్‌లో పెట్టి కాస్త రేస్ ఇస్తే వాటర్ పంప్ వేగం పెరుగుతుంది. అయితే మీ అత్తగారు కారులో ఉంటారు కాబట్టి ఒక హెచ్చరిక. మండుటెండలో హీటర్ గాలి పెద్దవాళ్లకు చాలా ప్రమాదం. అది పక్కకు చేరేదాకా రెండు మూడు నిమిషాల కోసమే. ఎర్ర లైటు వెలిగినా, ముల్లు ఎర్ర గీత తాకినా, ఆవిరి కనిపించినా ఇక ఏ ఉపాయాలూ వద్దు. సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ ఆపేయండి. 'ఇంకో కిలోమీటరే కదా' అని నడిపిన దూరమే హెడ్‌ని వంచేస్తుంది. ముందు ఆవిడను నీడలో కూర్చోబెట్టి తాగడానికి నీళ్లివ్వండి. కారు సంగతి తర్వాత.

ఆవిరి వస్తుంటే అది తగ్గేదాకా బానెట్ ఎత్తకండి. ఆవిరి లేకపోతే బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్‌లో పెట్టి చూడండి, కొన్ని కార్లలో ఫ్యాన్ తిరిగి త్వరగా చల్లారుతుంది. ఇంజిన్ ఆపిన మొదటి కొన్ని నిమిషాల్లో డబ్బాలో కుతకుత శబ్దం పెరిగితే బెదిరిపోవద్దు. ప్రవాహం ఆగడంతో వేడి కాసేపు పెరిగి తర్వాత తగ్గుతుంది. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి, లోహం పగులుతుంది. పూర్తిగా చల్లారాక గుడ్డ కప్పి మూతను కొంచెం తిప్పి, బుస్సుమనడం ఆగాకే పూర్తిగా తీసి, నెమ్మదిగా నింపండి. కూలెంట్ లేకపోతే తాగే నీళ్లు పోసినా తప్పులేదు, దగ్గరలోని మెకానిక్‌ని చేరడానికి మాత్రమే. పోసినవి పోసినట్టే కారిపోతుంటే స్టార్ట్ చేయకండి, టో చేయించండి.

ముల్లు మోసం చేసే సందర్భం ఒకటుంది. బాగా పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే 'అమ్మయ్య, చల్లబడింది' అనుకుంటారు. కూలెంట్ మొత్తం పోయి, సెన్సర్ ఉత్త గాలిలో ఉన్నప్పుడూ అలాగే పడుతుంది. హీటర్ పెట్టి చూడండి. వేడి గాలి రాకపోతే లోపల కూలెంట్ లేనట్టే. వెంటనే ఆపేయండి. మరో సంగతి, చాలా కార్లలో ముల్లు నిజమైన వేడిని ఉన్నదున్నట్టు చూపదు. 80 దాటి 105 దాకా ఎక్కడున్నా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంచుతారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. కారు కంప్యూటర్‌కి తగిలించి ఫోన్‌లో అసలు డిగ్రీలు చూపించే చిన్న ఓబీడీ పరికరం దొరుకుతుంది. దూరప్రయాణాలు చేసేవాళ్లకు పనికొస్తుంది.

ఘాట్ ఎక్కేటప్పుడు పై గేర్‌లో ఇంజిన్‌ని మూలిగించకండి. ఒక గేర్ తగ్గిస్తే పంప్ వేగం పెరుగుతుంది, ఇంజిన్ మీద భారం తగ్గుతుంది. లగేజీ తగ్గించుకోండి. ఇంజిన్ ఆయిల్ మట్టం, గ్రేడ్ సరిగా ఉన్నాయో చూసుకోండి. పైపులను నొక్కి చూసి, పగుళ్లున్నా, ఉబ్బినా, మరీ మెత్తబడినా మార్పించండి.

మీకు నెల గడువుంది, సరిపోతుంది. ముందు ప్రెజర్ టెస్ట్, హెడ్ గ్యాస్కెట్ పరీక్ష. తర్వాత ఫ్యాన్ రెండు స్పీడులు, రేడియేటర్ సందు శుభ్రం. చివర్లో కొత్త మూత, కొత్త కూలెంట్. అన్నీ అయ్యాక డబ్బాలో మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. గాలి బయటికి పోయి మొదటి ఒకటి రెండు రోజుల్లో కాస్త దిగొచ్చు, ఆ తర్వాత పది రోజులు గీత మీదే నిలవాలి. ఒక ఎండ మధ్యాహ్నం ఆరుబయట ఏసీ వేసి అరగంట ఆగిన చోటే నడపండి. ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి, ఏసీ చల్లగా రావాలి, ముల్లు కదలకూడదు. ఇవి నెగ్గితే మీ అత్తగారిని తీసుకుని నిశ్చింతగా వెళ్లండి. కూలెంట్ డబ్బా, ఐదు లీటర్ల నీళ్లు, మందపాటి గుడ్డ డిక్కీలో ఉండనివ్వండి. నీళ్లు మళ్లీ తగ్గినా, గ్యాస్కెట్ పరీక్షలో రంగు మారినా ఆ ప్రయాణానికి వేరే బండి చూసుకోండి.

అమ్మేయడం గురించి. తేలింది ఫ్యాన్, మూత, పైపు, చివరికి రేడియేటర్ అయినా సరే, ఎనిమిదేళ్ల కారుకి ఆ ఖర్చు పెట్టుకోవచ్చు, అమ్మనక్కర్లేదు. గ్యాస్కెట్ పోయిందని తేలితే మాత్రం హెడ్ విప్పి వంకర కొలిపించండి. చదును చేస్తే సరిపోతుందా, హెడ్డే మార్చాలా అన్నది చెప్పించుకుని, మొత్తం ఖర్చు రాయించుకుని, కారుకి ఇప్పుడొచ్చే ధరతో పోల్చుకున్నాక నిర్ణయం తీసుకోండి. అమ్మాల్సి వస్తే ఇంజిన్ వేడెక్కిన సంగతి కొనేవాళ్లకు చెప్పి అమ్మండి.